ట్రైపాడ్‌కు బిగించినంత మాత్రాన గురి నిలవదు

“రైఫిల్‌ను ట్రైపాడ్‌కు బిగిస్తే ఇక కదలదు. ఆ తర్వాత ఎంత వేగంగా కాలిస్తే అంత మేలు.” గురి పోటీలకు కొత్తగా వస్తున్నవారు ఈ మాటను ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఇందులో ఏ ముక్కా నిలబడదు.

ముందు ‘కదలదు’ అన్న మాట చూద్దాం. క్లాంప్ రైఫిల్‌ను ఒక్కచోటే పట్టుకుంటుంది. వెనక కొస, అంటే బట్, ఆనేది మన భుజానికే. ఊపిరికి ఆ భుజం లేస్తుంది, గుండె కొట్టుకుంటే అదురుతుంది. స్కోప్‌లోకి చూస్తే అందులోని గురి గీతలు, అంటే రెటికల్, లక్ష్యం మీద పైకీ కిందికీ తేలుతూనే ఉంటుంది. ఆ ఊగు అర మిల్ ఉందనుకుందాం (వెయ్యి మీటర్ల దూరంలో ఒక మీటరు జరిగే కోణం ఒక మిల్). 400 మీటర్ల దగ్గర అది 20 సెంటీమీటర్లు! చిన్న పళ్లెమంత లక్ష్యం తప్పిపోవడానికి అంత చాలు. కాబట్టి వెనక వైపూ ఆసరా కావాలి. కూర్చుంటే మోచేతి కింద సంచి, నిలబడితే రెండో ట్రైపాడ్. అదీ లేకపోతే కాస్త ముందుకు వాలి, ఒంటి బరువును బట్ వెనక నిలపాలి.

ట్రైపాడ్ మీద రైఫిల్‌ను అన్ని వైపులా తిప్పే గుండ్రని కీలు, అంటే బాల్ హెడ్‌ను, పూర్తిగా బిగించాలనేవారూ ఉన్నారు. లక్ష్యం ఒక్కటే అయితే అభ్యంతరం లేదు. నాలుగు చోట్ల నాలుగుంటే? మర వదులు చేయగానే రైఫిల్ పక్కకు ఒరుగుతుంది. ఎత్తి, గురి చూసి, మళ్లీ బిగిస్తే ఆ బిగింపులోనే రెటికల్ కొంచెం జారుతుంది. సరైన తూకం ఉన్న చోట క్లాంప్ వేసి, చేత్తో నెడితే కదిలి, వదిలితే అక్కడే ఆగేటంత బిగువు ఉంచండి. వేగం అక్కడ దొరుకుతుంది.

ట్రైపాడ్ కాళ్ల సంగతి చిన్నదే. పైనున్న లావు భాగాలను ముందు సాగదీయాలి, నడిమి కడ్డీని లేపకూడదు.

చివరగా, వేగమంటే ట్రిగ్గర్‌ను తొందరగా నొక్కడం కాదు. గురి కుదిరాక ఒకసారి కళ్లు మూసి, ఊపిరి వదిలి తెరవండి. రెటికల్ పక్కకు పోయి ఉంటే చేతులతో లాగకుండా పాదాలు జరపండి. దీనికి పట్టేది రెండు మూడు సెకన్లు. ఇది మానేసినవారు ప్రతి తూటాకూ రైఫిల్‌తో కుస్తీ పడుతూ, ఎక్కడ తగిలిందో కూడా చూసుకోలేక అంతకు ఎన్నో రెట్లు సమయం పోగొట్టుకుంటారు. నమ్మకం కుదరకపోతే తూటాలను వేరే గదిలో పెట్టి, రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, గడియారం పెట్టుకుని రెండు విధాలా పదేసి సార్లు చేసి చూడండి.