కేంద్ర సర్వర్ గారి దివ్యసముఖమునకు

మహారాజశ్రీ సర్వర్ గారికి,

తమరు ఎక్కడో ఏసీ గదిలో, జనరేటర్ అండతో క్షేమంగా ఉన్నారని తలుస్తూ, వేలిముద్ర యంత్రం మీద బొటనవేలు ఆనించి కౌంటర్ ముందు నిలబడిన మేము ఈ విన్నపం రాసుకుంటున్నాము. తమకు కాస్త నలతగా ఉంటే చాలు, గుమస్తా గారి తెర మీద చక్రం తిరుగుతుంది. ఆయన "సర్వర్ డౌన్" అని ప్రకటించి టీకి బయలుదేరతారు. ఆ మాటకు అప్పీలు లేదు.

తమ గొప్పతనం మాకు తెలియనిది కాదు. ఒకే పొలం రికార్డు పది కంప్యూటర్లలో పది రకాలుగా ఉంటే ఏది అసలుదో తేల్చడానికి కోర్టు మెట్లెక్కాలి గనుక, లెక్క ఒకేచోట ఉండడం మంచిదే. ఖర్చు మాటకొస్తే, 10 యంత్రాలను దేనికది మిగతా అన్నింటితో నేరుగా కలపాలంటే 45 లైన్లు కావాలి, తమరిని మధ్యలో కూర్చోబెడితే 10 చాలు. 100 యంత్రాలకైతే ఆ 45 కాస్తా 4,950 అవుతుంది. ఏ టెండరు కమిటీ అయినా తమవైపే మొగ్గుతుంది.

అయితే కేంద్రాన్ని కొడితే వ్యవస్థ మొత్తం మూగబోతుందని, అందరినీ అందరితో కలపకుండానే ఒక్కొక్క కూడలికి మూడు నాలుగు దారులుంటే శత్రుదాడిని సైతం చాలావరకు తట్టుకోవచ్చని అమెరికాలోని ర్యాండ్ పరిశోధన సంస్థలో పనిచేసిన పాల్ బారన్ 1964లోనే లెక్కగట్టి చూపారు. అణుయుద్ధాన్ని ఊహించి వేసిన ఆ లెక్క మా ఊరి మధ్యాహ్నపు రద్దీకి ఇంకా అందలేదు.

తమరు లేకుండా నెట్టుకొచ్చినవారూ ఉన్నారు. 2001లో వచ్చిన బిట్‌టొరెంట్ అనే ఫైళ్లు పంచుకునే పద్ధతిలో డౌన్‌లోడ్ చేసుకునేవాడే పక్కవాడికి ముక్కలు పంచుతాడు. జనం పెరిగితే తమరు నీరసిస్తారు, అది పుంజుకుంటుంది. కాకపోతే ఎవరికీ అక్కరలేని ఫైలు అక్కడ దిక్కులేనిదవుతుంది, తప్పు జరిగితే నిలదీయడానికి మనిషి దొరకడు. తమ దగ్గర మాత్రం దొరుకుతాడా అన్నది వేరే సంగతి.

"నేనొక్కణ్నే కాదు, నాకు కవలలున్నారు" అని తమరు అనవచ్చు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్‌కు అలాంటి కవల సర్వర్లకేమీ కొదవ లేదు. ఆ సర్వర్లు కొలువుండే డేటా సెంటర్లను కలిపే ప్రధాన లైన్ల నిర్వహణ పనిలో జారీ అయిన ఒక ఆదేశం వాటన్నింటినీ విడదీసింది. డేటా సెంటర్లు అందకపోయేసరికి, చిరునామాలు చెప్పవలసిన డీఎన్‌ఎస్ సర్వర్లు తమను చేరే దారులను తామే ఇంటర్నెట్ నుంచి ఉపసంహరించుకున్నాయి. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లతో సహా అన్నీ సుమారు ఆరు గంటలు మాయమయ్యాయి. బాగుచేయవలసిన ఇంజనీర్ల పనిముట్లు కూడా ఆ నెట్‌వర్క్ మీదే ఆధారపడి ఉండడం ఇందులో మాకు బాగా నచ్చిన ఘట్టం. పెట్టెలు ఎన్ని ఉన్నా పెత్తనం ఒక్కటే అయితే తమరు ఒంటరివారే.

పదవి వదలమని మేము అడగడం లేదు. ఆ పూట వివరాలను తన దగ్గరే దాచుకుని, తమరు కోలుకున్నాక పంపించే పాటి అధికారం ఈ కౌంటర్ యంత్రానికి ఇప్పించండి. ఆలోగా ఒకే పేరు రెండుచోట్ల నమోదైతే సరిచూసే తలనొప్పి తమరు భరించండి; ఎండలో క్యూ మేము తగ్గించుకుంటాము.

ఇట్లు,
తమ క్లయింట్లు