దేశద్రోహం అంత తేలిక కాదు

అమెరికాలో దేశద్రోహి అనిపించుకోవాలని ముచ్చటపడేవాళ్లు ముందుగా ఆ దేశపు రాజ్యాంగం చదువుకోవాలి. చదివితే నీరుగారిపోతారు. మూడో అధికరణం మూడో సెక్షన్ ప్రకారం ఆ బిరుదుకు రెండే దారులున్నాయి. దేశం మీద యుద్ధానికి దిగాలి, లేదా శత్రువు పక్షాన చేరి సాయం చేయాలి. చేస్తే చాలదు, చేసిన ఒకే పనికి ఇద్దరు సాక్షులుండాలి. లేదంటే తనే నిండు కోర్టులో ఒప్పుకోవాలి. మన రిజిస్టర్ పెళ్లికి ముగ్గురు సాక్షులు కావాలి కాబట్టి పెళ్లి కన్నా ద్రోహమే ఒక మెట్టు సులువని సంబరపడకండి. పెళ్లికి వచ్చినంత ఇష్టంగా దీనికి ఎవరూ రారు.

పైగా శత్రువు అంటే నిజంగా యుద్ధంలో ఉన్న శత్రువే అయ్యుండాలి. సీఐఏలో కూర్చుని, సోవియట్ యూనియన్‌లో అమెరికా కోసం పనిచేసే గూఢచారుల పేర్లు మాస్కోకి అమ్ముకున్న ఆల్డ్రిచ్ ఏమ్స్ 1994లో దొరికాడు. ఆయన మీద పెట్టింది గూఢచర్యం కేసు, యావజ్జీవం పడింది. కోల్డ్ వార్‌లో ‘వార్’ ఉన్నా చట్టం లెక్కలో అది యుద్ధం కాదు. పాపం, అంత కష్టపడ్డా బిరుదు దక్కలేదు.

ఆంథొనీ క్రేమర్ సంగతి ఇంకా విచిత్రం. 1942లో జలాంతర్గాముల్లో వచ్చి దిగిన నాజీ విధ్వంసకుల్లో ఒకడు ఈయనకు పాత స్నేహితుడు. న్యూయార్క్‌లో ఇద్దరూ కలిసి కూర్చుని మందు తాగారు. ఎఫ్‌బీఐ ఏజెంట్లు చూశారు. సాక్షుల కోటా నిండింది కదా అని కింది కోర్టు 45 ఏళ్ల శిక్ష వేసింది. 1945లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో దాన్ని కొట్టేసింది. ఏజెంట్లు తాగడమైతే చూశారు గానీ ఏం మాట్లాడుకున్నారో వినలేదు, కలిసి తాగినంత మాత్రాన శత్రువుకు సాయం చేసినట్టు కాదు పొమ్మంది. బతికిపోయాడనుకునేలోపు శత్రువుతో వ్యాపారం చేయకూడదనే 1917 నాటి చట్టం ఎదురొచ్చింది. నేరం ఒప్పుకుంటే ఆరేళ్లు పడ్డాయి.

అసలు కిటుకు అక్కడే ఉంది. ద్రోహానికి తలుపు ఎంత ఇరుకో, ఆంక్షలకు, అంటే ఫలానా దేశంతో లావాదేవీలు పెట్టుకోవద్దనే నిషేధాలకు, గేటు అంత వెడల్పు. 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టం ప్రకారం అధ్యక్షుడు ఎమర్జెన్సీ ప్రకటించి సంతకం పెడితే చాలు. యుద్ధం అక్కర్లేదు, ఆ ఇద్దరు సాక్షులూ అక్కర్లేదు. 1992లో చెస్ వీరుడు బాబీ ఫిషర్, అలా అమెరికా ఆంక్షలు పెట్టిన యుగోస్లావియాలో, పాత ప్రత్యర్థి స్పాస్కీతో ఆడటానికి కూర్చున్నాడు. ఆడొద్దని అమెరికా ఖజానా శాఖ రాసిన ఉత్తరం మీద విలేకరుల ఎదుటే ఉమ్మేశాడు. గెలిచాడు, 33 లక్షల డాలర్లకు పైగా సంపాదించాడు, మళ్లీ స్వదేశంలో అడుగుపెట్టలేకపోయాడు. 2004లో జపాన్‌లో నిర్బంధించారు, మరుసటి ఏడాది ఐస్‌లాండ్ పౌరసత్వం ఇచ్చి తీసుకెళ్లింది. శత్రుదేశానికి ఆయన అందించిన రహస్యాలేమిటయ్యా అంటే బంటు ఎక్కడ జరపాలి, గుర్రం ఎక్కడ దూకించాలి అన్నవి. అవి కూడా టీవీలో చూపించారు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్లు దీన్ని ఊసుపోక చదివే సంగతి అనుకోవద్దు. ఇరాన్ ఆంక్షలు పౌరులకే కాదు, గ్రీన్‌కార్డు వాళ్లకీ, అమెరికా గడ్డ మీద ఉన్న ఎవరికైనా వర్తిస్తాయి. అందులో పిస్తాపప్పు చరిత్ర ప్రత్యేకంగా తెలుసుకోదగ్గది. ఇరాన్ పిస్తా మీద నిషేధం 2000లో ఎత్తేశారు, 2010లో మళ్లీ పెట్టారు, 2016లో ఎత్తేశారు, 2018లో తిరిగి బిగించారు. పప్పు అదే, చెట్టూ అదే. డబుల్ కా మీఠా మీద చల్లే ముందు సంచి మీద ఏ దేశం పేరుందో ఒకసారి చూసుకోండి. కాలిఫోర్నియాది అయితే ఎంతైనా చల్లుకోవచ్చు.