పాత పట్టణంలో ఆటో దిగి నడవండి

విశాఖపట్నం వచ్చిన చుట్టాలను మనం ఆర్కే బీచ్‌కు, కైలాసగిరికి తిప్పుతాం, వీలుంటే సింహాచలం కొండకూ తీసుకువెళతాం. ఈ ఊరు మొదట పెరిగిన వన్‌టౌన్‌కు మాత్రం ఆటోలో వెళ్లి, బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనం కాగానే అదే దారిన వెనక్కి వచ్చేస్తాం. ఈ అలవాటు మారాలని నా గట్టి కోరిక. పాత పట్టణాన్ని నడిచే చూడాలి, అదీ గైడు వెనక పరుగులు తీయకుండా, ఎవరికి నచ్చిన చోట వారు ఆగుతూ చూడాలి.

కనకమహాలక్ష్మి గుడి దగ్గరే నడక మొదలుపెట్టడం మంచిది. 1912లో విగ్రహం బావిలో దొరికిందని, 1917లో దారికి అడ్డమని పక్కకు జరిపితే ఊళ్లో ప్లేగు వ్యాపించిందని, తిరిగి ఉన్నచోటే నిలిపాక తగ్గుముఖం పట్టిందని పెద్దలు చెబుతారు. అమ్మవారికి ఎడమ చెయ్యి లేదు, గర్భగుడికి పైకప్పు లేదు. ఎండా వానా నేరుగా ఆమె మీదే పడతాయి. వరుసలో వచ్చిన వారెవరైనా తమ చేతులతోనే పసుపు కుంకుమలు సమర్పించుకోవచ్చు. మార్గశిర గురువారాల్లో అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు కాబట్టి, గుడిని, చుట్టూ ఉన్న వీధులను నిదానంగా చూడదలచుకున్నవారు మామూలు రోజున వెళ్లాలి.

అక్కడి నుంచి కురుపాం మార్కెట్ మీదుగా రేవు వైపు నడిస్తే దగ్గరదగ్గరగా మూడు కొండలు కనిపిస్తాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, మూడోదైన రాస్ హిల్ మీద మేరీమాత చర్చి ఉన్నాయి. 1864లో రాస్ అనే ఆయన కట్టించుకున్న ఇల్లే ఆ తర్వాత ప్రార్థనా మందిరమైంది. ఏటా డిసెంబరు 8న అక్కడ జరిగే ఉత్సవానికి అన్ని మతాలవారూ వస్తారు. ఈ మూడింటినీ మతసామరస్యానికి ప్రతీకలని ఉపన్యాసాల్లో పొగడడం కంటే, ఒకే పూట మూడు కొండలూ ఎక్కి దిగడం మేలని నేను నమ్ముతాను. రాస్ హిల్ పైన నిలబడితే 1933లో ప్రారంభమైన ఓడరేవు కాలువ కాళ్ల కిందే ఉన్నట్టుంటుంది, అవతల డాల్ఫిన్ నోస్ కొండ అడ్డంగా నిలిచి ఉంటుంది.

నా బాధల్లా, తనంతట తాను వచ్చి నడిచే మనిషికి ఇక్కడ తగిన ఆసరా లేకపోవడమే. సందుల్లో నడిచే జాగాను బళ్లు ఆక్రమించుకుంటాయి. బంగళా పెంకుల కప్పులు, వీధి అరుగులు ఉన్న పాత ఇళ్లు పడిపోతున్నా పట్టించుకునేవారు తక్కువ. నడకకు వచ్చేవారి కోసం బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలను ఆపుతున్న ఊరు, వారానికి ఒక్క ఆదివారం ఉదయం వన్‌టౌన్ మెయిన్ రోడ్డులోనూ ఆ పని చేయలేదా? దాంతోపాటు గుడి నుంచి రాస్ హిల్ వరకు ప్రతి మలుపులోనూ దారిని, ఆ చోటు కథను తెలుగులో చెప్పే పలకలు పెట్టించాలి, తాగే నీరు, మరుగుదొడ్లు ఏర్పాటు చేయాలి. పాత ఇళ్ల యజమానులకు మరమ్మతుల ఖర్చులో కొంత సాయం అందాలి. ఇక్కడివాళ్లం మనమే గట్టిగా అడగకపోతే ఈ పనుల్లో ఏదీ మొదలుకాదు.