స్కానర్‌కు వినిపించని చప్పుడు

రిటైర్మెంట్ వయసు మీద చర్చ ఎప్పుడు జరిగినా పెన్షన్ లెక్కల దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. కట్టేవాళ్లెందరు, తీసుకునేవాళ్లెందరు, లోటు ఎంత. అవసరమైన లెక్కలే, కాదనను. కానీ పనిమంతుడి చేతికి వాటిలో ఏ గడీ లేదు. నా బాధంతా అదే.

ఎనభైకి దగ్గరపడ్డ ఒక మెకానిక్‌తో ఈ మధ్య చాలాసేపు కూర్చున్నాను. గేర్‌బాక్సులు దించడం ఎప్పుడో మానేశారు, మోకాళ్లు సహకరించవు. కీచుమనే సన్నటి శబ్దాలు చెవికి అందడం లేదు. అయినా ఇంజిన్ నడుస్తుండగా పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను బ్లాక్‌కు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టుకుని కళ్లు మూసుకుంటారు. "ట్యాపెట్ కాదు బాబూ, లోపల బేరింగ్ కొడుతోంది" అంటారు. ట్యాపెట్ అంటే ఇంజిన్ కవాటాన్ని కదిపే భాగం, అది పైన టకటకమంటుంది. లోపల తిరిగే ఇరుసును మోసే బేరింగ్‌ది అడుగు నుంచి వచ్చే బరువైన దెబ్బ. వయసు ముందుగా పట్టుకుపోయేది సన్నటి శబ్దాలనే. ఆ మొద్దు దెబ్బ ఆయనకింకా వినిపిస్తూనే ఉంది.

బండి కంప్యూటర్‌కు తగిలించి లోపాల కోడ్‌లు చదివే స్కానర్ ఉంది కదా అంటారు. ఉంది, మంచి పనిముట్టే. పీ0301 అనే కోడ్ చూపిస్తే మొదటి సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే ఇంధనం సరిగా మండడం లేదని తెలుస్తుంది. ఎందుకో తెలియదు. ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా, కంప్రెషన్ పోయిందా? ఆయన ప్లగ్ విప్పి వెలుతురులో తిప్పి చూస్తారు. లేత గోధుమరంగైతే ఫర్వాలేదు. నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువ పోతోంది. తెల్లగా కాలితే తక్కువ పోతోంది, లేదా విపరీతంగా వేడెక్కుతోంది. ఈ చూపు ఏళ్ల తరబడి పనిలోనే వస్తుంది. ఇంకొకరికి అందాలన్నా పక్కన నిలబడి చూపించాల్సిందే, ఫైల్లో పెట్టి పంపితే వెళ్లదు. ఫలానా పుట్టినరోజుకు ఆయన్ని ఇంటికి పంపేస్తే దాన్నీ వెంట పంపేసినట్టే.

అసలు ఈ వయసుగీత ప్రకృతి గీసింది కాదు. 1889లో ఛాన్సలర్ బిస్మార్క్ హయాంలో జర్మనీ వృద్ధాప్య పెన్షన్ చట్టం తెచ్చినప్పుడు వయసు 70. దాన్ని 65కు తగ్గించింది 1916లో. ఒక ప్రభుత్వం గీసిన గీతను ఇంకో ప్రభుత్వం జరిపింది, అంతే.

దీనికి ఎదురు వాదన బలమైనదే. విశ్రాంతి పోరాడి సాధించుకున్న హక్కు, ముసలివాళ్లు కదలకపోతే కుర్రాళ్లకు చోటెక్కడ అంటారు. హక్కును ముట్టుకోమని నేననడం లేదు. నడుం విరిగే పని మాన్పించండి, పెన్షన్ ఇవ్వండి. పరీక్షించే పని, నేర్పే పని మాత్రం ఆయన ఓపిక ఉన్నంతకాలం ఆయన దగ్గరే ఉంచండి. కుర్రాడి చోటు ఆయన పక్కనే ఉంది.

దీర్ఘాయుష్షు గురించి అడిగితే ఆయన బండి భాషలోనే చెప్పారు. నెలల తరబడి నిలబెట్టేస్తే పెట్రోలు జిగురై కార్బురేటర్‌లో అది వెళ్లే సన్నటి రంధ్రాలు, జెట్లు, మూసుకుపోతాయి, సీళ్లు గట్టిపడతాయి, బ్యాటరీ చస్తుంది. అలాగని ఇంజిన్ వేగం మీటరులో ఎర్రగీత దాకా రోజూ లాగినా బతకదు.

నాకు ఇంకా పెద్ద సమస్య కనిపించింది ఆ తర్వాతి మాటలో. నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ కూడా లేని ఒక గేర్‌బాక్స్ చూపించి, "ఇందులో నూనె జీవితాంతం మార్చక్కర్లేదంటారు. ఎవరి జీవితాంతం?" అని అడిగారు. నూనె ఎలాగూ పాడవుతుంది. గేర్‌బాక్స్ పోయాక కొత్తది కొనాలి. విప్పడానికి వీల్లేని వస్తువులు తయారుచేసే ఆలోచనా, విప్పగలిగిన మనిషిని ఇంటికి పంపే ఆలోచనా ఒక్కటే: బాగుచేయడం దండగ, మార్చేయడం లాభం. యూరోపియన్ యూనియన్ 2024లో మరమ్మతు హక్కు చట్టం తెచ్చి వాషింగ్ మెషిన్లు, ఫ్రిజ్‌లు, ఫోన్ల వంటివాటిని తయారీదారులే బాగుచేసివ్వాలంది. మంచి మొదలు. గేర్‌బాక్సుల దాకా అది రావాలి. వచ్చేనాటికి వాటిని విప్పడం నేర్పేవాళ్లు పనిలోనే ఉండాలి.