మా పిల్లది హైదరాబాద్ కాదండీ, బెజవాడ

గంట క్రితం మా చిన్న పడవల సంఘం వాళ్ళు పీడీఎఫ్ పంపారు. పద్నాలుగు పేజీలు. పైన "వార్తలు, రాబోయే రెగట్టాలు" అని ఇంతింత అక్షరాలు. రెగట్టాలంటే పడవ పందేలు లెండి. మొదటి పేజీ నిండా కార్యదర్శి గారి ఫొటో. రెండో పేజీలోనూ ఆయనే, ఈసారి శాలువాతో. పడవ పందేల్లో పాల్గొన్న పిల్లల ఫలితాలు మాత్రం పదకొండో పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో. జూమ్ చేసుకుంటూ పోగా పోగా 23వ వరసలో మా పెద్దది దొరికింది. పేరు కరెక్టే. వయసు కరెక్టే. ఊరు దగ్గర "హైదరాబాద్" అని ఉంది.

హైదరాబాద్!

పుట్టింది సూర్యారావుపేటలో. చదివేది పటమటలో. 2016 కృష్ణా పుష్కరాలప్పుడు మూడేళ్ళ పిల్ల, ఘాట్‌లో నీళ్ళలోంచి బయటికి రానని మా ఆయన చెయ్యి కొరికేసింది. దానికి నీళ్ళ పిచ్చి అక్కడే పట్టింది. అలాంటి పిల్ల హైదరాబాదు పిల్లట. "అమ్మా, నేనెప్పుడు షిఫ్టయ్యానే?" అని అది నవ్వుతూనే అడిగింది గానీ నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

సంఘం పేరు రాయను. పిల్ల ఇంకా మూడేళ్ళు వాళ్ళ రేసుల్లోనే తిరగాలి. ఆప్టిమిస్ట్ పడవలో పదిహేనేళ్ళు నిండే ఏడాది దాకానే పోటీ. అప్పటిదాకా నోరు మూసుకుని ఉండాలి. ఆ తర్వాత చెప్తా వాళ్ళ సంగతి.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. ఆప్టిమిస్ట్ అంటే పిల్లలు ఒక్కళ్ళే నడిపే బుల్లి తెరచాప పడవ. పొడవు ఎనిమిది అడుగులు కూడా ఉండదు. ముందు భాగం కోసుగా కాకుండా మొండిగా ఉంటుంది, అందుకే మా అత్తయ్య గారు దాన్ని "తొట్టి" అంటారు. "ఆ తొట్లో కూర్చోబెట్టి పిల్లని ఎక్కడికి పంపుతావమ్మాయ్?" అని మొదటి రోజు అడిగారు, ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. ఒట్టి పడవ 35 కిలోలు, మా పెద్దది 36. 1947లో అమెరికాలో, ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే పెద్దమనిషి రెండు ప్లైవుడ్ షీట్లతో, యాభై డాలర్లలోపు తయారయ్యేలా దీన్ని గీశాడట. డబ్బున్న వాళ్ళ పిల్లలే కాదు, అందరి పిల్లలూ ఆడాలని. ఇప్పుడు కొత్తది కొనాలంటే లక్షలు. మేం అద్దె పడవలో లాక్కొస్తున్నాం. ఆ అద్దె కూడా సంఘం చెప్పిన రేటే.

ఇక రాబోయే రెగట్టాల జాబితా చూడండి. హైదరాబాద్, చెన్నై, గోవా, ముంబై, భోపాల్, మళ్ళీ హైదరాబాద్. ఆంధ్రప్రదేశ్ అన్న మాటే లేదు. చిన్నప్పటి నుంచీ సోషల్ పుస్తకంలో 974 కిలోమీటర్ల తీరం అని బట్టీ పట్టించారు కదా, ఏం చేసుకోను ఆ కిలోమీటర్లని? భోపాల్‌కి సముద్రం ఉందా? ఒక చెరువు ఉంది. ఆ చెరువులో నేర్చుకున్న నేహా ఠాకూర్ అనే రైతు బిడ్డ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలకెళ్ళి ఐఎల్‌సీఏ 4 అనే ఒక్కళ్ళే నడిపే తెరచాప పడవలో రజతం తెచ్చుకుంది. దేవాస్ దగ్గర పల్లెటూరి పిల్ల. మన దగ్గర నదిని ఏం చేశారయ్యా అంటే, సెల్ఫీ పాయింట్ పెట్టారు.

ప్రకాశం బ్యారేజీ వెనక 12 అడుగుల నీళ్ళు నిలబెడతారు. అటు భవానీ ద్వీపం, ఇటు పున్నమి ఘాట్, మధ్యలో పిల్లల పడవలకి కావాల్సినంత నీళ్ళు. జూన్‌లో సాయంత్రం పూట ఘాట్ మెట్ల మీద నిలబడితే చున్నీ మెడకి చుట్టుకుపోతుంది, అంత గాలి. వరద రోజుల్లో దింపమని ఎవరూ అనట్లేదు, నేనేం పిచ్చిదాన్ని కాదు. 2024 సెప్టెంబరులో ఇనుప పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్లకి గుద్దుకున్నప్పటి నుంచీ పడవ అన్న మాట వింటేనే ఆఫీసర్లకి టెన్షన్ అని తెలుసు. దానికి ముందు జరిగిన ప్రమాదాలూ తెలుసు. అందుకే కదా మొర పెట్టుకునేది, లైఫ్ జాకెట్లేసి, వెనకాల రెస్క్యూ బోటు పెట్టి, పద్ధతిగా నేర్పించండి అని.

పోయినేడు ఒక ఆఫీసుకెళ్ళాను. నలుగురు తల్లిదండ్రులం కలిసి నాలుగు పడవలు అద్దెకి తెచ్చుకుంటాం, ఆదివారాలు రెండు గంటలు నీళ్ళ మీదకి పంపుకుంటాం, పర్మిషన్ ఇప్పించండి అన్నాను. ఆయన ఫారం తీశాడు. "ఇంజిన్ ఎన్ని హార్స్‌పవరమ్మా?" ఇంజిన్ ఉండదు సార్, తెరచాప. "అంటే తెడ్డా?" తెడ్డు కాదు సార్, గాలితో వెళ్తుంది. ఆయన కాసేపు నన్నే చూశాడు. "గాలి లేకపోతే?" ఆగిపోతుంది సార్. "మరి ఇంజిన్ నంబరు కాలమ్ ఖాళీగా ఉంటే సిస్టమ్ తీసుకోదమ్మా." ఏం రాయమంటారు ఆ గడిలో? నైరుతి అని రాయనా? ఆ ఫైలు ఇప్పుడు ఎక్కడుందో దుర్గమ్మ తల్లికే తెలియాలి.

అన్నట్టు మన భాషలో "గాలివాటం మనిషి" అంటే నిలకడ లేనివాడని తిట్టు కదా. ఆ మాట పుట్టించినవాడు తెరచాప పడవ నడిపి ఉండడు. ఎదురుగాలిలో ముందుకెళ్ళాలంటే ఎడమకి కొంత, కుడికి కొంత, అడ్డగీతలు గీసుకుంటూ ఎక్కాలి. మలుపు తిప్పిన ప్రతిసారీ తల వంచకపోతే తెరచాప కింది దుంగ నుదుటికి తగులుతుంది. మా పెద్దదానికి ఎడమ కనుబొమ్మ పైన అదే మచ్చ. "రేపు పెళ్ళిచూపుల్లో ఏం చెప్తావు?" అని అత్తయ్య గారు. పన్నెండేళ్ళ పిల్లకి పెళ్ళిచూపులేంటండీ!

సరే, ఏం చెప్తున్నాను? ఆ 23వ స్థానం ఎలా వచ్చిందో వీళ్ళకేం తెలుసు! 64 పడవలు. శుక్రవారం రాత్రి నెహ్రూ బస్టాండులో బస్సెక్కి 275 కిలోమీటర్లు కూర్చునే నిద్రపోయి, పొద్దున్నే హుస్సేన్ సాగర్ ఒడ్డున దిగాం. పందేనికి ముందు తనిఖీ ఉంటుంది. తాడు ఎనిమిది మీటర్లుందా, గాలి సంచులు మూడూ గట్టిగా ఉన్నాయా, విజిల్ ఉందా, నీళ్ళు తోడే డబ్బా పడవకి కట్టి ఉందా, అన్నీ చూస్తారు. మా డబ్బా, రెండు లీటర్ల నూనె డబ్బాని మూతి అలాగే ఉంచి అడుగు కోసి చేసింది. కట్టే తాడు ఇంట్లో మర్చిపోయాం. పక్కన అకాడమీ పిల్లలకి కోచ్‌లు, వాళ్ళకో వ్యాను, ఆ వ్యానులో తాళ్ళ కట్టలు. ఒక్కరూ ఓ మూరెడు తాడివ్వలేదు. చివరికి పిల్ల జడ రిబ్బను విప్పి దాంతో ముడేశాను. తనిఖీ చేసేవాడు ఆ ఎర్ర రిబ్బను రెండుసార్లు గుంజి చూసి, నవ్వి, టిక్కు పెట్టాడు. ఆయనొక్కడే ఆ రెండు రోజుల్లో మనిషిలా కనిపించాడు.

చివరి రేసులో ఉన్నట్టుండి ఒక్క విసురు గాలి వచ్చింది. పడవ ఒరిగి సగానికి నీళ్ళు నిండాయి. ఒడ్డు మీద ఎవరిదో బైనాక్యులర్ లాక్కుని చూస్తే, తెరచాప తాడు పళ్ళ మధ్య కరిచిపెట్టుకుని, ఒక చేత్తో చుక్కాని కర్ర పట్టుకుని, రెండో చేత్తో ఆ నూనె డబ్బాతో నీళ్ళు తోడి పోస్తోంది. తల ఎత్తట్లేదు. పక్క నుంచి పడవలు ఒక్కోటీ దాటి పోతున్నాయి. రెస్క్యూ బోటు దగ్గరికొచ్చింది, చెయ్యి అడ్డంగా ఊపింది, పొమ్మని. ఆ బోటెక్కితే రేసు పూర్తి కానట్టే. అప్పుడు పడవల సంఖ్య మీద ఒకటి కలిపి 65 పాయింట్లు నెత్తిన పడతాయి. ఈ ఆటలో పాయింట్లు ఎంత తక్కువైతే అంత గొప్ప, మొదటొస్తే ఒకటే పాయింటు. మొత్తానికి ఈడ్చుకుంటూ 58వ స్థానంలో గీత దాటింది. మొదటి నాలుగు రేసులూ బాగా పడ్డాయి కాబట్టి అన్నీ కలిపితే 23వ స్థానం. ఇంటికి ఫోన్ చేసి చివరి రేసులో 58 వచ్చింది అత్తయ్యా అంటే, "పోన్లే, పాసైంది కదా" అన్నారు.

ఆ పిల్ల పేరు పక్కన హైదరాబాద్ అని రాస్తారా?

కారణం అడిగాను లెండి. ఊరుకుంటానా! కార్యదర్శి గారికే ఫోన్ చేశాను. "మీరు ఇక్కడి క్లబ్బు ద్వారా ఎంట్రీ కట్టారు కదా మేడమ్, సిస్టమ్ క్లబ్బున్న ఊరే తీసుకుంటుంది" అన్నారు. విజయవాడలో క్లబ్బు లేకపోతే ఏ క్లబ్బు ద్వారా కట్టాలి సార్ అంటే, "అదే కదా మేడమ్ సమస్య" అన్నారు. ఎంత చక్కగా ఒప్పుకున్నారో! ఫోన్ పెట్టేముందు "వచ్చే సంచికలో చూద్దాం" అని ఓ మాట. వచ్చే సంచిక మళ్ళీ ఆరు నెలలకి.

ఇదే సంఘం మొన్న వేసవిలో, పిల్లకి 102 జ్వరమొచ్చి రేసుకి రాలేకపోతే ఎంట్రీ ఫీజు రూపాయి వెనక్కివ్వలేదు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో శాసనం వేయించాడండీ, తుఫానుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకు మేం లాక్కోం, న్యాయంగా ఇవ్వాల్సిన సుంకం తప్ప మిగతాది మీకే అని. అభయ శాసనం అంటారు. ఆ రాజుకున్న పాటి జాలి వీళ్ళకి లేదు. మోటుపల్లి ఎక్కడో కాదు, చీరాల పక్కనే. ఓడలకి అభయమిచ్చిన గడ్డ మీద ఎనిమిదడుగుల తొట్టికి పర్మిషన్ లేదు.

అసలు మన ఊరి పేరు పడవకి పెట్టరా అంటే, పెట్టారు! 2018 నవంబరు గుర్తుందా? పున్నమి ఘాట్ దగ్గర ఫార్ములా వన్ పవర్‌బోట్ రేసు. మూడు రోజులు. గంటకి రెండు వందల కిలోమీటర్ల పైన వెళ్ళే బోట్లు, ఘాట్ల నిండా జనం, ఊరంతా ఫ్లెక్సీలు. అందులో ఒక జట్టుకి "అమరావతి" అని పేరు పెట్టారు. నడిపిన ఇద్దరూ స్వీడన్ వాళ్ళు. నేనూ వెళ్ళాను, ఐదేళ్ళ పిల్లని భుజానెక్కించుకుని అమరావతీ అమరావతీ అని గొంతు పోయేలా అరిచాను. స్వీడన్ మనిషి అమరావతి వాడు కావచ్చు. బెజవాడ పిల్ల మాత్రం బెజవాడది కాకూడదు. ఆ మూడు రోజులకి నది ఖాళీ చేయించి ఇచ్చారు, మేమడిగింది ఆదివారం రెండు గంటలు. 2024 నవంబరులో ఇక్కడి నుంచి శ్రీశైలం దాకా సీ ప్లేన్ కూడా ఎగిరింది. పైన ఎగిరే వాటికి ఈ నది మీద చోటుంది.

ఈ పీడీఎఫ్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టడం నాదే తప్పు. ఐదు నిమిషాల్లో మియాపూర్ నుంచి మా బావగారు. "మంచిదే కదమ్మా, ఎలాగూ ఇక్కడ రాసేశారు, ఇక్కడికే వచ్చేయండి." నవ్వుతున్న బొమ్మలు మూడు. ఈయన 2006లో వెళ్ళాడు. అప్పటి నుంచీ ప్రతి సంక్రాంతికీ వచ్చి, మా ఇంట్లో కూర్చుని, మా అరిసెలు తింటూ, "అబ్బా, మీ విజయవాడ ఎండలు" అంటాడు. సంక్రాంతికి ఎండలేంటి బావగారూ? 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు "మీకేం, కొత్త రాజధాని" అని పార్టీ అడిగింది ఈయనే. ఆ రోజు నుంచీ మేం ఏది అడిగినా ఒకటే జవాబు, అది హైదరాబాద్‌లో ఉండిపోయిందండీ అని. ఆఫీసులు ఉండిపోయాయి, కంపెనీలు ఉండిపోయాయి, సరే. ఇక్కడే ఉన్న పిల్లని కూడా అక్కడ ఉండిపోయినట్టు రాస్తే ఎలా? పైగా అత్తయ్య గారు పెద్దకొడుకుని ఏమీ అనరు. "వాడన్నదాంట్లో తప్పేముంది, అక్కడైతే బస్సు ఖర్చు కలిసొస్తుంది" అన్నారు. మా ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ పేపరు నిన్నటిది.

పిల్లే నయం. నేనిక్కడ ఇదంతా టైపు చేస్తుంటే, అది నల్ల మార్కర్ తీసుకుని నూనె డబ్బా మీద పెద్దగా "బెజవాడ" అని రాసింది. తెలుగులో. చుట్టూ గళ్ళు కూడా కొట్టింది. డబ్బా మీద రాతలుండకూడదని రూలేమైనా ఉందా అని రూల్సు పుస్తకం తిరగేస్తోంది. ఉంటే ఆ రూలు నాకు చెప్పకు అన్నాను.

ఇంకో సంగతి. వచ్చే హైదరాబాద్ రెగట్టాకి ఎంట్రీ గడువు ఈ రాత్రి పన్నెండు గంటలకి. పీడీఎఫ్ వచ్చింది ఈరోజే, గడువూ ఈరోజే. కడుతున్నా. కట్టక చస్తానా! ఫారంలో క్లబ్బు అన్న గడి ఖాళీగా వదిలితే ముందుకు పోవట్లేదు. జాబితా కిందికి లాగితే పదిహేడు పేర్లు, విజయవాడ లేదు, గుంటూరు లేదు, వైజాగ్ కూడా లేదు. అన్నిటికన్నా అడుగున "ఇతరులు" అని ఉంది. ఈసారి ఏ క్లబ్బూ వద్దని అదే నొక్కాను.

ఓటీపీ ఇంకా రాలేదు.