ర్యామ్‌లో సగం గ్రాఫిక్స్ తినేస్తుందా?

బరంపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్ కొనొద్దు, 8 జీబీ ర్యామ్‌లో సగం గ్రాఫిక్సే తినేస్తుంది, ఆల్రెడీ కొన్నవాళ్లు బయోస్‌లో గ్రాఫిక్స్ మెమరీ పెంచుకుంటే స్పీడ్ వస్తుంది" అని. (బయోస్ అంటే విండోస్ మొదలవ్వకముందే తెరుచుకునే సెట్టింగుల స్క్రీన్.) దీన్ని నమ్మి, పిల్లల చదువు కోసం అప్పు చేసి మరీ కార్డున్న ల్యాప్‌టాప్ కొనేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఆ సగం లెక్క విండోస్ టాస్క్ మేనేజర్‌లోది. జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) పేజీలో 'షేర్డ్ జీపీయూ మెమరీ' అని ర్యామ్‌లో దాదాపు సగం చూపిస్తుంది. అవసరం పడితే అంతవరకు వాడుకోవచ్చు అని దాని అర్థం. వాడనంతసేపూ ఆ మెమరీ మిగతా ప్రోగ్రాములకే. విడి కార్డున్న మెషీన్‌లోనూ ఈ అంకె కనిపిస్తుంది!

గ్రాఫిక్స్ వగైరాలకు నిజంగా పక్కకు తీసేది టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో 'హార్డ్‌వేర్ రిజర్వ్డ్' దగ్గర ఉంటుంది. ఇంటెల్ మెషీన్లలో ఇది సాధారణంగా తక్కువే. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ ఉన్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో మాత్రం 2 జీబీ దాకా పోయి, 8లో 5.9 మాత్రమే మిగులుతుంది. అక్కడ ఫిర్యాదు న్యాయమే. 4 జీబీ మెషీన్‌కైతే ఆ కాస్త పోయినా కష్టమే.

బయోస్ సలహా ఇంకా నష్టం. అక్కడ పెంచిన ప్రతి ఎంబీ విండోస్‌కు తగ్గుతుంది. గ్రాఫిక్స్ మెమరీ తక్కువుంటే మొదలవ్వని కొన్ని గేములకు తప్ప దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే ర్యామ్ వేగం మారదు.

అసలు ఇబ్బంది ఆ వేగంలోనే ఉంది, మెసేజ్‌లో దాని ఊసే లేదు. విడి కార్డు లేకపోతే ప్రాసెసర్, గ్రాఫిక్స్ రెండూ ఒకే ర్యామ్ నుంచి డేటా తెచ్చుకోవాలి. డీడీఆర్4-3200 రకం ర్యామ్ స్టిక్ (స్లాట్‌లో పెట్టే ర్యామ్ ముక్క) ఒక్కటే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ, రెండుంటే 51.2 జీబీ. ఇంటెల్ ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లు ఒకే స్టిక్‌తో నడిస్తే, విండోస్‌లో దాని పేరే మామూలు యూహెచ్‌డీగా కనిపిస్తుంది. గేముల్లో తేడా బాగా తెలుస్తుంది.

కోడింగ్, ఎక్సెల్, ఆన్‌లైన్ క్లాసులకు విడి కార్డు అక్కర్లేదు. త్రీడీ పని, పెద్ద గేములు, కుడా (ఎన్విడియా కార్డుల మీద నడిచే) ప్రోగ్రామింగ్ ఉంటే కొనండి. లేదంటే ఆ డబ్బులో కొంత రెండో స్టిక్‌కు, ఎస్ఎస్‌డీకి పెట్టండి. ర్యామ్‌కు ఖాళీ స్లాట్ ఉందా, లేక బోర్డుకే అతికించేశారా అన్నది మాత్రం డబ్బు కట్టకముందే షాపులో అడగండి.