నియమం రాసినవారికి నియమం వర్తించదా?

విశాఖ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక సందేశం తిరుగుతోంది. సంఘం కమిటీ సభ్యులు జీతం లేకుండా పనిచేస్తున్నారు కాబట్టి బైలాస్, అంటే సంఘం నియమావళి, చూపించి వారిని నిలదీయకూడదట. నియమాలు నివాసులకేనట, కమిటీకి విచక్షణ ఉండాలట, నచ్చనివారు ఎన్నికల్లో పోటీ చేయాలట. ఇందులో ఒక్క వాదనా నిలవదు.

జీతం లేని సేవకు కృతజ్ఞత చెప్పాల్సిందే. కానీ వారు ఒప్పుకున్న సేవే ఆ నియమాలను నడపడం. జరిమానా కట్టేవారికీ జేబులో డబ్బు ఊరికే రాదు.

ఇక విచక్షణ. ఎంవీపీ కాలనీలోని మా బ్లాకులో, రోడ్డు వైపు రెయిలింగు మీద బట్టలు ఆరవేస్తే ఏడు రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇచ్చి, ఆపైనే జరిమానా వేయాలి. ఈ నియమం రాసిన కాగితాన్ని లిఫ్టు పక్కన అంటించింది కమిటీయే. వానాకాలంలో సముద్రపు చెమ్మకు ఇంట్లో ఏదీ ఆరదు. అద్దెకుండే ఒక నర్సు డ్యూటీకి వేసుకోవాల్సిన యూనిఫాం రెయిలింగు మీద వేసింది. నోటీసు లేదు, గడువు లేదు. సాయంత్రానికల్లా వాచ్‌మన్ 500 రూపాయల రసీదు తెచ్చిచ్చాడు. అప్పటికి కార్యదర్శి గారి రెయిలింగు మీద రెండు దుప్పట్లు ఆరుతున్నాయి. దీన్ని విచక్షణ అనరు, పక్షపాతం అంటారు.

రమణ దయారాం శెట్టి కేసులో 1979లో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. బొంబాయి విమానాశ్రయంలో రెస్టారెంటు టెండరుకు ఐదేళ్ల అనుభవం ఉండాలని ప్రకటించి, అది లేనివారికి ఇచ్చారు. తాను ప్రకటించిన ప్రమాణానికి అధికార సంస్థ కట్టుబడి తీరాలని జస్టిస్ పి.ఎన్. భగవతి రాశారు. పిటిషనర్ ఆలస్యంగా రావడం వంటి కారణాల వల్ల ఆ కాంట్రాక్టు రద్దు కాలేదు, సూత్రం మాత్రం నిలిచింది. అది ప్రభుత్వ సంస్థలను ఉద్దేశించిన మాట, నిజమే. అయితే రిజిస్టరైన సొసైటీ కమిటీకి అధికారం వచ్చేదే బైలాస్ నుంచి. వాటిని పక్కనపెడితే జరిమానా వేసే హక్కు ఎక్కడిది? 2001 నాటి మన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 23వ సెక్షన్ కింద సభ్యులు జిల్లా కోర్టుకూ వెళ్లవచ్చు.

ఎన్నికల మాటకు జవాబు చిన్నదే. అద్దెకున్నవారికి మా సంఘంలో ఓటే లేదు. వారికి ఉన్న రక్షణంతా ఆ అంటించిన కాగితమే.

కమిటీ ఆ 500 రూపాయలు తిరిగి ఇవ్వాలి. ఏడు రోజుల గడువు ఎక్కువనిపిస్తే సర్వసభ్య సమావేశంలో పెట్టి మార్చుకోవాలి. అప్పటిదాకా కార్యదర్శి గారి దుప్పట్లకూ అదే నోటీసు వెళ్లాలి.